నిదానము: పడవ యంత్రమున జెట్టు దిద్దుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ సభలో భారతమును గూర్చియో ప్రబంధములను గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురుముఖమున చదివినవాడను కాను. పగలెల్ల లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువు ప్రక్కన పెట్టుకొని కొలదికొలదిగా కూడదీసికొన్నవాడను. అట్టివాని నోట భారతము వినవలెనని వారు తలంచుట వారి పెద్దమనసు. కాని యిప్పుడు నా యెదుట కూర్చున్నవారిలో సగముమంది రేపు తెల్లవారుజామున పడవ నెట్టుకొని అలలు దాటవలసినవారు. వారిని కూర్చుండబెట్టి అలంకారములు వల్లించుటకు నాకు మనసొప్పలేదు. అందుచేత వారికి ప్రాణావసరమైన యొక చిన్న వస్తువును గూర్చి చెప్పదలచితిని. అది యిత్తడితో చేసినది. చిటికెనవ్రేలి గోటికంటె మిక్కిలి పెద్దది కాదు. దాని నడుమ నొక బెజ్జముండును. దాని పేరు జెట్టు. మన భాషలో జెట్టి యనగా మల్లుడు. మాటకు మాట సంబంధము లేకపోయినను, యంత్రమును నిలబెట్టుటకును పడగొట్టుటకును చాలిన మల్లుడే యా యిత్తడి ముక్క.

పెట్రోలు ద్రవరూపమున మండదు. అది ఆవిరియై గాలితో కలిసినపుడే మండును. ఆ కలయికకు లెక్క కలదు. తూకమున ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు రమారమి 14.7 పాళ్లు గాలి కావలెను. తూకము మాట విడిచి కొలత మాట చెప్పవలెనన్న, ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9,000 లీటర్ల గాలి. మన పడవ వెనుక తగిలించు రెండు స్ట్రోకుల యంత్రము పూర్తి వేగమున నిమిషమునకు 5,000 చుట్లు తిరిగినచో, ఒక్కొక్క సిలిండరున నిమిషమునకు 5,000 మార్లు, అనగా సెకండునకు 80 మార్లకు పైగా ఈ భోజనము వడ్డింపబడవలెను. ప్రతి విస్తరిలోను పాళ్లు తప్పరాదు. ఈ వడ్డన చేయునదే కార్బ్యురేటరు.

అది పని చేయు విధము కాలువ తూము చూచినవారికి సులభముగ తెలియును. కాలువలో నీటిమట్టము నిలుకడగా నుండి, తూము కన్నము నిర్ణీతమైన కొలతది యైనచో, పొలమునకు పారు నీరు లెక్కకు దొరకును. మట్టము మారినను కన్నము మారినను లెక్క చెడును. కార్బ్యురేటరులో మట్టమును కాచునది తేలియాడు బుడ్డి. దానిని ఫ్లోటు అందురు. కన్నము జెట్టు. ఇక ఆ యింధనమును పైకి లాగునది గాలియే. గాలిగొట్టము నడుమ సన్నబడినచోట గాలి వేగము హెచ్చును. వేగము హెచ్చినచోట పీడనము తగ్గును. వేగమునకును పీడనమునకును గల యీ సంబంధమును 1738లో డేనియల్ బెర్నూలీ తన ద్రవగతి గ్రంథమున చెప్పెను. సన్నబడిన గొట్టములలో ప్రవాహమును గూర్చి ఇటలీ దేశస్థుడు జియోవన్ని బాట్టిస్టా వెంచూరి 1797లో వ్రాసెను. ఆ సన్నని కంఠమునకు నేటికిని వెంచూరి యనియే పేరు. ఈ యిరువురిలో నెవ్వరును పెట్రోలు యంత్రమును కలలోనైన చూచినవారు కారు.

1893లో బుడాపెస్టు నగరమున దొనాత్ బాంకి, యానోష్ చోంకా యను నిద్దరును, అదే కాలమున జర్మనీలో విల్హెల్మ్ మైబాకును ఇంధనమును తుంపురులుగా చిమ్ము కార్బ్యురేటరును నిర్మించిరి. పూలమ్ము పిల్ల యొకతె గొట్టము నోట పెట్టుకొని పూలపై నీరు చిమ్ముచుండగా చూచి బాంకి చోంకాలకీ యూహ తట్టెనని యొక కథ చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను ఉపమానము మాత్రము చక్కనిది. పడవ వెనుక తగిలించు యంత్రమును అమెరికాలో ఓల్ ఎవిన్రూడ్ 1909లో అమ్మకమునకు తెచ్చి వ్యాపింపజేసెను. చరిత్ర యింతతో చాలును.

ఇక పద్దునకు వత్తము. నేను పడవల లెక్కలు వ్రాయుదును. వేట ముగిసి చేప అమ్ముడుపోయిన పిమ్మట ముందుగా ఇంధనపు ఖర్చు తీసివేసి, మిగిలినదానిని పడవకింత, వలకింత, మనుష్యులకింత అని పాళ్లు వేయుట నేను వ్రాయు పద్దులలోని పద్ధతి. కనుక పెట్రోలు ఖర్చు ప్రతిదినము అందరి కండ్లకును కనబడును. పిస్టను పాడైనచో ఆ ఖర్చు ఎన్నడో యొకనాడు, వేరొక పుటలో, పడవ యజమాని పేర పడును. రెండు పద్దులును వేర్వేరు పుటలలో నుండుటచేత వానికి చుట్టరికము కలదని యెవ్వరికిని తోచదు. అందుచేతనే మన రేవులలో నొక దురలవాటు ప్రబలినది. "జెట్టు చిన్నది వేయించితే పెట్రోలు మిగులుతుంది" అని యొకరు చెప్పుదురు, తక్కినవారు విందురు.

ఎంత మిగులునో లెక్క వేసి చూతము. దినమునకు 20 లీటర్లు కాలునని యనుకొందము. జెట్టు చిన్నది చేయుటచే నూటికి 5 వంతులు మిగిలెననుకొందము. అనగా దినమునకొక లీటరు. లీటరు వెల 110 రూపాయలని పెట్టుకొనిన, నెలకు 25 వేటలకు 2,750 రూపాయలు. ఐదుగురు పంచుకొనిన తలకు 550. వేటకు 22 రూపాయలు. ఆ యిరువదిరెండు రూపాయలకు మనము తాకట్టు పెట్టునది యేమో యిప్పుడు చెప్పెదను.

రెండు స్ట్రోకుల యంత్రములో నూనెకు వేరు కొట్టు లేదు. పెట్రోలుతోనే నూనె కలిపి పోయుదుము. కొన్ని యంత్రములలో నూనె వేరు డబ్బానుండి వచ్చి దారిలో కలియును. కాని మన రేవున నున్నవానిలో అధికభాగము తొట్టిలో కలిపి పోయునవియే. పెట్రోలు మూడు పనులు చేయును. మండి బలమిచ్చును, ఆవిరియగుచు లోపలి వేడిని లాగివేయును, తనతో నూనెను మోసికొనిపోయి పిస్టనునకును బేరింగులకును అంటును. జెట్టు చిన్నదైనచో ఈ మూడును ఒక్కసారిగ తగ్గును. అనగా వేడి హెచ్చునపుడే చల్లదనము తగ్గును, నూనెయు తగ్గును. పిస్టను ఉబ్బును. సిలిండరు గోడపై నూనెపొర యెండును. అల్యూమినియము గోడకు రాచుకొని యతుకుకొనును. దీనినే మనవారు "ఇంజను పట్టేసింది" అందురు.

ఇందు మోసమేమనగా, అది పట్టివేయుటకు ముందు యంత్రము చెడినట్లు కనబడదు. ఇంధనము కొంచెము తగ్గినపుడు పొగ తగ్గును, ధ్వని పలుచనై తేటపడును, చుట్లు కొంత హెచ్చినట్లు కూడ తోచును. ఆరిపోవు దీపము చివర వెలిగినట్లన్న సామెత దీనికి కుదిరినట్లు మరి దేనికిని కుదరదు. 2019వ సంవత్సరమున, వేట నిషేధము ముగిసిన కొలది దినములకు, మన రేవునుండి పోయిన పడవయొకటి ఒక రాత్రియు మరునాటి మధ్యాహ్నము వరకును కొట్టుకొనిపోయెను. తిరిగి చేరిన వెనుక నావికుడు నాతో అన్న మాట నాకు బాగుగ జ్ఞాపకము: "పంతులుగారూ, ఆగే ముందు పావుగంట ఇంజను పాట పాడినట్టు పోయింది. ఇంత బాగా ఎప్పుడూ పోలేదనుకున్నాం." ఆ యంత్రమును విప్పగా ముఖ్యపు జెట్టు మార్చబడి యున్నది. దానిపై నుండవలసిన సంఖ్యకంటె రెండు మెట్లు తక్కువ సంఖ్య యుండెను. ఎవరు మార్చిరో యిచట అనవసరము. నలుగురు మనుష్యులు బ్రదికి వచ్చిరి. వేరొక పడవ కంటబడుటచేత వచ్చిరి.

అది వేట నిషేధము ముగిసిన వెంటనే జరుగుట కూడ యాదృచ్ఛికము కాదని నా యభిప్రాయము. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, వేట నిలిచియుండును. ఆ రెండు నెలలు యంత్రము పాకలో పడియుండును. కార్బ్యురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు మెల్లగ ఆవిరియై, జిగురును నూనెయు అడుగున నిలుచును. ఆ జిగురు మొదట మూయునది మిక్కిలి సన్నని దారులను. అనగా జెట్టు నెవ్వరును మార్చకున్నను అది తనంతట తానే చిన్నదగును. అట్టి యంత్రమును జూన్ 15వ తేదీన, నైరుతి గాలి వీచుచుండగా, ఒక్క లాగుతో పూర్తి వేగమునకు తీసికొనిపోయిన ఫలమేమి? నిషేధమునకు ముందు చివరి వేటనుండి వచ్చిన దినముననే గిన్నె క్రిందనుండు చిన్న మర విప్పి, పెట్రోలును సీసాలోనికి దింపి, మరల బిగించుటకు పట్టు కాలము పది నిమిషములు. దింపునపుడు చుట్ట బీడీ దగ్గర నుండరాదు. ఇది నేను చెప్పనక్కరలేని మాటయే. కాని చెప్పకుండ నుండజాలను.

ఇక జెట్టు దిద్దుట. వైద్యశాస్త్రమున రోగకారణమును కనిపెట్టు భాగమునకు నిదానమని పేరు. మాధవకరుని గ్రంథమునకు మాధవనిదానమని ప్రసిద్ధి. మన తెనుగున నిదానమనగా తొందరపడకుండుట కూడ. ఈ రెండర్థములును కలిసినచోటనే మంచి మేస్త్రీ యుండును. యంత్రము తడబడగానే చేయి స్క్రూడ్రైవరు మీదికిని జెట్టు మీదికిని పోరాదు. ముందుగ చూడవలసినవి వేరు. పెట్రోలు తొట్టి మూతలోని గాలిరంధ్రము తెరచియున్నదా? లేనిచో తొట్టిలో శూన్యమేర్పడి పెట్రోలు రాదు. ఆ లక్షణము అచ్చముగ చిన్న జెట్టు లక్షణమే. రబ్బరు గొట్టము పగిలి గాలి పీల్చుచున్నదా? పిండు బుడ్డ గట్టిపడుచున్నదా? జల్లెడలో నీరు, ఇసుక చేరినవా? ప్లగ్గు మంచిదా? యంత్రము వెనుకనుండి పడవలసిన చిన్న నీటిధార పడుచున్నదా? ఆ ధార సన్నగిల్లినచో లోపలి నీటిపంపు అరిగినదనియో, ఇసుకయు నాచును అడ్డుపడినవనియో తెలిసికొనవలెను. వేడెక్కిన యంత్రమునకు పెద్ద జెట్టు వేయుట జ్వరము వచ్చినవానికి పెద్ద చొక్కా కుట్టించుటవంటిది.

ఉప్పునీటి మాట ప్రత్యేకముగ చెప్పవలెను. గిన్నెలోనికి ఒక్క నీటిబొట్టు చేరినను, ఒక మిల్లీమీటరు బెజ్జమునకు అది బిరడావలె అడ్డుపడగలదు. పెట్రోలు పారు బెజ్జమున నీటిబొట్టు తన బిగువుచేత నిలిచిపోవును. ఉప్పు నిలిచినచోట ఇత్తడికి పచ్చని చిలుమును, అల్యూమినియమునకు తెల్లని పొడియు పట్టును. వీనిని తీయుటకు మనవారు సైకిలు ఊచ నుండి వల తీగ వరకు దొరికిన దానినెల్ల జెట్టులో దూర్చుదురు. ఇది మహాదోషము. ఎట్లనగా, కొన్ని కంపెనీల జెట్లపై 100 అని యున్నచో దాని బెజ్జము వ్యాసము ఒక మిల్లీమీటరు. 105 అని యున్న 1.05 మిల్లీమీటర్లు. మరికొన్నింటిలో ఆ సంఖ్య నిమిషమునకు పారు ద్రవమును తెలుపును. కాబట్టి ఒక కంపెనీ సంఖ్యను మరియొక కంపెనీ సంఖ్యతో పోల్చరాదు. వ్యాసము 1 నుండి 1.05 అయినది; హెచ్చినది నూటికి ఐదేగదా యనుకొందురు. కాదు. బెజ్జము వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును బట్టి యుండును. 1.05ను 1.05తో గుణించిన 1.1025. అనగా ఇంధనము నూటికి పదికి పైగా హెచ్చును. మిల్లీమీటరులో ఇరువదవ వంతు! తీగతో నాలుగుమార్లు గీకిన నంత పోవుటకు సందేహమేల? వృత్తమున కొలతలను భాస్కరాచార్యులు 1150వ సంవత్సరమునాటి తన గ్రంథముననే విపులముగ చెప్పిరి. లీలావతి యందలి భాగమే. ఛందస్సులో నొక మాత్ర హెచ్చిన పద్యము కుంటును. ఇచట కుంటునది పద్యము కాదు.

కనుక జెట్టును శుభ్రపరచుటకు కార్బ్యురేటరు శుద్ధిచేయు ద్రవమున నానబెట్టి, గాలిపంపుతో ఊదవలెను. తప్పనిచో నైలాను కుంచె పోచ వాడవచ్చును. వెలుతురు వైపు పెట్టి చూచినపుడు బెజ్జము గుండ్రముగ, అంచులు నునుపుగ కనబడవలెను. కోలగానో చిరిగినట్లో కనబడినచో దాని ఆయువు తీరినది. క్రొత్తది వేయవలెను, అదే సంఖ్యది వేయవలెను.

కార్బ్యురేటరులో సాధారణముగ రెండు లెక్కలుండును. మెల్లగ తిరుగునపుడు ఇంధనమిచ్చు సన్నని దారి యొకటి. దానిని దిద్దుటకు వెలుపల నొక మర యుండును. పూర్తి వేగమున ఇంధనమిచ్చు ముఖ్యపు జెట్టు రెండవది. దానిని దిద్దుటకు మర లేదు, జెట్టునే మార్చవలెను. జనులు చేయు పొరపాటేమన, పూర్తి వేగపు జబ్బునకు మెల్లవేగపు మరను త్రిప్పుచుందురు. అది గొంతునొప్పికి మోకాలిపై పట్టు వేయుట.

మెల్లవేగపు మరను దిద్దు విధము చెప్పెదను, వలసినవారు వ్రాసికొనవచ్చును. పడవ నీటిలో నుండవలెను. గట్టున ఖాళీగా త్రిప్పరాదు, నీటిపంపు రబ్బరు నిమిషములో కాలిపోవును. పడవను ముందు వెనుకల గట్టి మోకులతో కట్టవలెను. ప్రొపెల్లరు దరిదాపుల నెవ్వరు నుండరాదు. మరను లోనికి మెల్లగ, వ్రేళ్ల బలముతో మాత్రమే త్రిప్పి, అది తాకినచోట ఆపవలెను. బిగించినచో దాని సూదిమొన వంగి కూర్చొనుచోటు చెడును. అటుపిమ్మట కంపెనీవారి పుస్తకమున చెప్పినన్ని చుట్లు వెనుకకు విప్పవలెను. పెక్కు యంత్రములకు అది ఒకటి మొదలు రెండు చుట్ల వరకు నుండును. యంత్రమును నడిపి బాగుగ వేడెక్కనిచ్చి, గేరులో వేసి, మెల్లవేగమున ఉంచవలెను. గేరు వేయకుండ దిద్దిన లెక్క నీటి బరువు పడగానే తారుమారగును.

ఇప్పుడు మరను కొలదికొలదిగ, చుట్టులో ఎనిమిదవ వంతు చొప్పున లోనికి త్రిప్పుచు, ప్రతిసారియు కొంత తడవు ఆగి వినవలెను. ఒకచోట యంత్రము తుమ్మినట్లు వెనుకకు ఊది తడబడును; ఇంధనము చాలలేదన్నమాట. ఆ చోటు గుర్తుంచుకొని ఇటు వెలుపలికి త్రిప్పుచు రావలెను. మరియొకచోట ధ్వని బరువెక్కి, అడుగులు తప్పినట్లు నడచి, పొగ హెచ్చును, ఇంధనము మితిమీరినదన్నమాట. ఈ రెంటి నడుమ మధ్యస్థానమున నిలిపి, అచటినుండి ఎనిమిదవ వంతు వెలుపలి వైపునకే, అనగా ఇంధనము హెచ్చు వైపునకే, విడువవలెను. తుదకు పిడిని ఒక్కసారి త్రిప్పి వేగము పెంచి చూడవలెను. తడబడక అందుకొనినచో పని యైనది.

పూర్తి వేగపు లెక్కను చెవితో చూడరాదు. చెవి మోసపోవునని పైన పాట పాడిన యంత్రపు కథ చెప్పితిని గదా. దానికి సాక్షి ప్లగ్గు. సముద్రము శాంతముగ నున్న దినమున, గట్టు కనబడునంత దూరమున, తోడుగ మరియొక పడవ నుంచుకొని, తెడ్లును లంగరును సిద్ధముగ పెట్టుకొని, క్రొత్త ప్లగ్గు వేసి, కొన్ని నిమిషములు పూర్తి వేగమున నడిపి, వేగము తగ్గింపకుండగనే యంత్రమును ఒక్కసారిగ ఆపవలెను. మెల్లగ తగ్గించి ఆపినచో ప్లగ్గు చెప్పునది మెల్లవేగపు సంగతియే. గుడ్డ పట్టుకొని ప్లగ్గు విప్పి, లోపలి తెల్లని పింగాణి మొన చూడవలెను. అది చిక్కని టీ రంగున నున్నచో సమము. నల్లగ తడిగ నున్నచో ఇంధనము హెచ్చు. సున్నము పూసినట్లు తెల్లగ నున్నచో తక్కువ. ఆ యంత్రముతో ఆనాడు మరి దూరము పోరాదు. సన్నని మెరయు చుక్కలు కనబడినచో అవి పిస్టను కరిగి అంటిన అల్యూమినియము. మెల్లగ గట్టు చేరవలెను. నేటి పెట్రోలున వేయు ద్రవ్యములచేత రంగులు కొంత మారుచుండును గనుక, ఒక్కసారి చూచి తీర్పు చెప్పక రెండు మూడుమార్లు చూడవలెను.

రెండు సిలిండర్లకు ఒక్కటే కార్బ్యురేటరున్న యంత్రములు మన రేవున కలవు. వానిలో ఒక ప్లగ్గు టీ రంగునను రెండవది తెల్లగను ఉన్నచో తప్పు జెట్టుది కాదు. ఒక్క కుండలో వండిన అన్నము ఒక విస్తరిలో ఉప్పనగను వేరొక విస్తరిలో చప్పనగను నుండదు. ఆ తెల్లని సిలిండరు ఎచటనో దొంగగాలి పీల్చుచున్నదని తెలిసికొనవలెను. సీలో, అతుకు కాగితమో పోయియుండును. అట్టిచోట పెద్ద జెట్టు వేసి కప్పిపుచ్చినచో రెండవ సిలిండరు మసిబారును, మొదటిది ఎట్లును చచ్చును.

నూనె కలుపుట మరియొక లెక్క. యంత్రమునకు 50కి 1 అని చెప్పినచో 20 లీటర్లకు ఎంత? త్రైరాశికము. పావులూరి మల్లన గణితమును తెనుగుపద్యములలో చెప్పిన నాటినుండి మనకిది కొత్త కాదు. 20,000 మిల్లీలీటర్లను 50తో భాగించిన 400 మిల్లీలీటర్లు. క్రొత్త యంత్రము అరుగుదల తేరు దినములలో 25కి 1 అన్నచో 800. దీనిని కొలగిన్నెతో పోయవలెను. "ఒక గుక్కెడు" అను కొలత గణితమున లేదు. కొందరు జాగ్రత్తపరులు యంత్రమునకు మేలని నూనె రెట్టింపు పోయుదురు. వారి మనసు మంచిదే. కాని జెట్టు బెజ్జమున పారునది మిశ్రమము. అందు నూనె హెచ్చినకొలది పెట్రోలు పాలు తగ్గును, చిక్కదనముచేత పారుదలయు మందగించును. అనగా నూనె పెంచుటచే మంటకు ఇంధనము తగ్గినట్లే. ఈ మాట చెప్పినపుడు నమ్మనివారే యెక్కువ.

మరియొక మార్పు మన కనులయెదుటనే జరిగినది. 2023వ సంవత్సరమునుండి నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు మన దేశమున అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి బంకులలో సాధారణమైనది. ఇథనాలు ప్రాణవాయువును తనలోనే కలిగియుండును. దానికి తూకమున 9 పాళ్లు గాలియే చాలును. ఇరువది పాళ్లు కలిసిన పెట్రోలునకు లెక్క వేసిన రమారమి 13.5 వచ్చును. అనగా గాలి అంతయే యున్నపుడు ఇంధనము మునుపటికంటె నూటికి 8, 9 వంతులు హెచ్చుగ కావలెను. జెట్టు మాత్రము పాతదియే. కాబట్టి మునుపు టీ రంగున నున్న ప్లగ్గు నేడు, ఎవ్వరును ఏమియు ముట్టకున్నను, తెల్లవారి యుండవచ్చును. చూచినగాని తెలియదు. ఇప్పటికే చిన్న జెట్టు వేయించుకొని యున్నవారు ఈ రెండు తగ్గుదలలను కూడిక చేసి చూచుకొందురుగాక. పై జెట్టు ఎంత పెద్దది వేయవలెనో కంపెనీవారి పుస్తకమును, ప్లగ్గు రంగును చూచి, ఒక్కొక్క మెట్టుగ నిర్ణయింపవలెను.

ఇథనాలుతో మరియొక చిక్కు, అది నీటిని పిలుచును. కొలది నీటిని తనలో కలుపుకొనును. మితిమీరినచో ఇథనాలును నీరును కలిసి పెట్రోలునుండి విడిపోయి తొట్టి అడుగునకు దిగును. పీల్చు గొట్టము చివర నుండునదియు అడుగుననే. ఆ అడుగు నీటిలో నూనె యుండదు. సముద్రముపై, తడిగాలిలో, సగము ఖాళీ తొట్టి నెలల తరబడి యుంచుకొనువారికి ఇది చిన్న మాట కాదు. నిషేధకాలమున తొట్టిలో పెట్రోలు నిలువ యుంచరాదు. పాత రబ్బరు గొట్టములను కూడ ఇథనాలు మెత్తబరచును, వానిని మార్చుకొనవలెను.

కిరసనాయిలుతో నడుచు యంత్రములను గూర్చి యొకరు ముందుగనే ప్రశ్న వ్రాసి పంపిరి. కేరళ తీరమున అవి ప్రసిద్ధములు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత కిరసనాయిలునకు మార్చి, ఆపుటకు ముందు మరల పెట్రోలునకు వచ్చుట వాని పద్ధతి. వానికి జెట్టు ఒక్కటే వేరు కాదు. లోపలి ఒత్తిడియు తక్కువగ నుండునట్లు నిర్మింపబడును. కనుక పెట్రోలు యంత్రమునకు పెద్ద జెట్టు వేసి కిరసనాయిలు పోయవచ్చునా యన్న ప్రశ్నకు, పోయరాదని జవాబు. అకాలపు మంటతో అది లోపల సుత్తి దెబ్బలు కొట్టును.

కంప్యూటరు లెక్కతో ఇంధనము చిమ్ము క్రొత్త నాలుగు స్ట్రోకుల యంత్రములు వచ్చుచున్నవి. వానిలో జెట్టు లేదు, మర లేదు. అవి మేలైనవే. కాని వాని వెల మనలో నెందరికి అందును? అందువరకు ఈ యిత్తడి ముక్కతోనే మన కాపురము.

నేను పద్దులు వ్రాయువాడను గనుక నా కోరికయు పద్దు రూపముననే యుండును. ప్రతి యంత్రమునకు నొక చిన్న పుస్తకముండవలెను. అందు ముఖ్యపు జెట్టు సంఖ్య, మెల్లవేగపు మర ఎన్ని చుట్లు విప్పినది, నూనె పాలు, ప్లగ్గు చూచిన తేదీ, దాని రంగు, పెట్రోలు ఎంత కాలినది వ్రాయవలెను. జెట్టు ఎవరైన మార్చినచో తేదీ వేసి, మార్చినవారు పేరు వ్రాసి సంతకము పెట్టవలెను. పెట్రోలు ఖర్చును మరమ్మతు ఖర్చును ఎదురెదురు పుటలలో వ్రాయవలెను. ఆ రెండును ఒక్క చూపులో కనబడినచో ఇరువదిరెండు రూపాయల సంగతి నేను మరల చెప్పనక్కరలేదు.

కార్యదర్శిగారి అనుమతితో, మన రేవున వాడుకలోనున్న యంత్రముల ఆంగ్ల పుస్తకములనుండి జెట్ల సంఖ్యలను, మర చుట్లను, నూనె పాళ్లను తెనుగున పట్టికగ వ్రాసి గ్రంథాలయమున నుంచితిని. రెండవ బీరువాలో, నిఘంటువుల ప్రక్కన నీలి అట్ట పుస్తకము. ఆదివారము సాయంకాలము నేనచటనే యుందును. వచ్చువారు తమ యంత్రమునుండి విప్పిన ప్లగ్గును తుడువక, కాగితమున చుట్టి తేవలెను. జెట్టుపై సంఖ్య చదువుటకు భూతద్దము గ్రంథాలయమున కలదు.